బగారన్నం డేగులో ఓడ పాఠం

జనగామ నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా సముద్రం చేరడానికి ఒక పూట చాలదు. అలాంటి ఊరి శివారులో, సరుకు ఓడల మీద ఆఫీసర్లుగా వెళ్లబోయే పిల్లలకు శిక్షణ ఇచ్చే కాలేజీ పెట్టారు. అందులో నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. అంతకుముందు పదిహేనేళ్లు ఇంటర్ పిల్లలకు అదే ఫిజిక్స్ చెప్పాను. ఓడలకు వేరే ఫిజిక్స్ ఉండదు కదా అనే ధైర్యంతో, రోజూ రఘునాథపల్లి నుంచి బండి మీద వచ్చిపోయేవాణ్ణి.

పిల్లలకు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, భుజాల మీద నల్ల పట్టీలు. మొదటి ఆదివారం ఆ బట్టల్లోనే బజారుకు వెళ్తే, చిల్పూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన వాళ్లను ఆపి, "బిడ్డా, ఎల్లుండి మా ఇంట్ల పెండ్లున్నది. మీ బ్యాండు ఖాళీగున్నదా?" అని అడిగాడట. ఆ తర్వాత ఎవరూ యూనిఫాంతో గేటు దాటలేదు.

నా తిప్పలు మాత్రం మొదటి క్లాసులోనే మొదలయ్యాయి. ముందు బెంచీలో భూపాలపల్లి నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న బొగ్గు బాయిలో కార్మికుడు. నేను బోర్డు మీద ఓడ బొమ్మ గీస్తుంటే ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మీరు ఎప్పుడన్న ఓడ ఎక్కిండ్రా?"

ఎక్కలేదని చెబితే పోయేది. కానీ నలభై జతల కళ్లు నన్నే చూస్తున్నాయి.

"ఎక్కిన" అన్నాను.

"వాంతులైనయా సార్?"

"మొదట్ల అయినయి. తర్వాత అలవాటైంది."

నేను ఎక్కింది లక్నవరం చెరువులో పడవ. అరగంట తిప్పారు. వాంతి కాలేదు గానీ, నేను ఒడ్డు చేరేదాకా కూర్చున్న చెక్కను వదల్లేదు.

ఆ మాట వారం తిరక్కుండా కెప్టెన్ గారి చెవిన పడింది. ఆయన మా కాలేజీ పెద్ద, కోస్తా మనిషి, నలభై ఏళ్లు ఓడల మీద తిరిగి వచ్చినవారు. టీ తాగుతుండగా నా పక్కన కూర్చున్నారు.

"మాస్టారూ, మీరూ సముద్రం మీద తిరిగారటగా? ఏ ఓడండీ?"

"చిన్నది సార్."

"కోస్టరా?"

కోస్టర్ అంటే ఏమిటో నాకు తెలియదు. "అట్లాంటిదే" అన్నాను. ఆయన ఏ రేవులో ఎక్కారని అడిగేలోగా బెల్లు కొట్టారు. నాకు ఆ గంట క్లాసు లేదు. అయినా లేచి వెళ్లిపోయాను.

ఇంతలో ఓడ నిలకడ పాఠం వచ్చింది. ఓడ అడుగున ట్యాంకులు ఉంటాయి. ట్యాంకు నిండా నీళ్లుంటే ఇబ్బంది లేదు, అసలు లేకున్నా ఇబ్బంది లేదు. సగం ఉంటేనే ప్రమాదం, ఓడ తలకిందులయ్యే దాకా రావచ్చు. ఎందుకో చెప్పడానికి మూడు వారాలు బోర్డు నిండా గీతలు గీశాను. పిల్లలు రాసుకున్నారు, అప్పజెప్పారు, ఒక్కరికీ అర్థం కాలేదు. చేసి చూపించాల్సిందేనని అనుకున్నాను.

హాస్టల్ వెనక ఛాతీ లోతు నీళ్లుండే పెద్ద సిమెంటు తొట్టి, హౌజు ఉంది. ఓడ కావాలి. మా వంటమాస్టర్ దగ్గర వంద మందికి ఒకేసారి అన్నం వండే పెద్ద గిన్నె, డేగు ఉండేది. వాళ్ల నాన్న దావత్‌లలో వండిన డేగు అది. ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. బతిమాలితే ఒప్పుకున్నాడు.

"పిల్లల సదువు అంటున్నరు గాబట్టి ఇస్తున్న సార్. ఇయ్యాల బగారన్నం. పదకొండు కొట్టేసరికి నా డేగు నా పొయ్యి మీదుండాలె. సొట్ట పడొద్దు."

నలుగురు పట్టి డేగును హౌజులోకి దింపారు. అడుగున రాళ్లు పెడితే బుద్ధిగా నిలబడింది. రాళ్లు తీసి స్టూలు వేసి, దాని మీద ఇటుకలు పేర్చితే పక్కకు ఒరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పాఠం ఇంత బాగా నడవడం నా జీవితంలో అదే మొదలు. అక్కడితో ఆపాల్సింది.

చప్పట్లు విని కెప్టెన్ గారు వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని, హౌజు గట్టుకు రెండడుగుల దూరంలో నిలబడ్డారు.

"బాగుందండీ. అనుభవం ఉన్నవారు కదా, మీరే ఎక్కి చూపించండి మాస్టారూ."

స్టూలు, ఇటుకలు తీయించి, చెప్పులు విప్పి ఎక్కాను. బాసింపట్టు వేసుకుని డేగులో కూర్చున్నాను. పిల్లలు కర్రతో నెమ్మదిగా నెట్టారు. హౌజు మధ్యకు వెళ్లేసరికి, ఆ నెట్టుడుకు నీళ్లు చిమ్మి డేగులోకి వచ్చాయి. ప్యాంటు తడిసింది. దాన్ని పట్టించుకోకుండా "ఇప్పుడు చూడుండ్రి, బరువు కిందికున్నది గాబట్టి నేను భద్రంగున్న" అంటూ కుడిచేత్తో నా కిందికి చూపించబోయాను.

కొంచెమే వంగాను. లోపలి నీళ్లన్నీ ఒక్కసారిగా కుడివైపు ఉరికాయి. డేగు ఇంకా వంగింది. వంగితే ఇంకా నీళ్లు వచ్చాయి. తర్వాత నాకు కనబడింది పాచి.

లేచి నిలబడేసరికి కళ్లద్దాలు లేవు. వంటింటి వైపు నుంచి "యా అల్లా, మేరా డేగ్!" అని కేక వినబడింది. నాకేమైందని ఒక్కరూ అడగలేదు.

కెప్టెన్ గారు మాత్రం అడిగారు. "మాస్టారూ, మీరెక్కిన ఓడ ఏదండీ?"

నెత్తి మీద పాచితో అబద్ధం చెప్పడం కష్టం.

"లక్నవరం చెరువుల పడవ సార్. అరగంట."

నవ్వులు మొదలై చాలాసేపు ఆగలేదు. నేను కూడా నవ్వాను, ఇంకేం చేస్తాను? నవ్వు సద్దుమణిగాక, నీళ్లలో నిలబడే అడిగాను. "సరే, డేగు ఎందుకు పల్టీ కొట్టింది?"

"మీరు బరువెక్కువ సార్" అన్నారెవరో వెనక నుంచి.

"కాదు సార్" అంది భూపాలపల్లి అమ్మాయి. "రాళ్లు పెట్టిన కాడనే ఉన్నయి, కదల్లే. నీళ్లు గట్ల కాదు. మీరు ఎటు వంగితే అటే ఉరికినయి. వంగిన దిక్కే బరువు పోయె, ఇంక లేసుడెట్ల? నిండుగుంటే ఉరకనీకి జాగ ఉండకపోవు. సగం ట్యాంకు గిదే గద సార్?"

మూడు వారాల బోర్డు పని ఆ అమ్మాయి మూడు ముక్కల్లో తేల్చింది. తడిసి వణుకుతున్నా, నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కెప్టెన్ గారు తువ్వాలు తెప్పించారు. పిల్లలు వెళ్లాక నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించారు. "ఎవరితో అనకండి. నలభై ఏళ్లు సముద్రం మీదే బతికాను గానీ, నాకు ఈత రాదండీ."

బగారన్నం ఆ రోజు మూడు గంటలకు తిన్నాం. వంటమాస్టర్ వడ్డిస్తూ ఒక్కొక్కరికి డేగు అంచున పడ్డ సొట్ట చూపించాడు. నా ప్లేటులో మాడు వేశాడు.

కోర్సు ముగిసిన రోజు, ఆ అమ్మాయిని తీసుకుపోవడానికి వాళ్ల నాన్న వచ్చాడు. ఆమెకు ఓడ మీద కొలువు ఖాయమైంది. బస్టాండులో నిలబడి ఆయన నాతో అన్నాడు. "సార్, నేను ఇన్నేండ్లు భూమి లోపటికి దిగిన, భయం కాలే. బిడ్డ నీళ్ల మీద పోతదంటే నిద్ర పడ్తలేదు. ఉప్పు నీళ్లల్ల ఏం తాగుతరు, బియ్యం ఎట్ల కడుగుతరు?"

నేను నోరు తెరిచేలోగా అమ్మాయి అందుకుంది. "ఉప్పు నీళ్లు కాగబెడ్తరు బాపు. ఆవిరి లేస్తది, ఉప్పు కిందనే ఉంటది. ఆవిరి సల్లారితే మంచినీళ్లు. ఇంజన్ వేడి ఎట్లనో ఉంటనే ఉంటది."

"మరి ఇంజన్ ఆగితే?"

"ట్యాంకుల దాసిపెట్టుకుంటరు."

ఆయన తల ఊపుతూ ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నాడు. ఆమె విసుక్కోకుండా చెబుతూనే ఉంది. భూపాలపల్లి బస్సు వచ్చింది. ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఎక్కి కూర్చున్నారు, నాకు చెప్పి వెళ్లడం కూడా మరిచిపోయారు.