ప్రశ్న అడిగి ఆగమన్న సారు

మా పాత హెడ్మాస్టరు సారు ఇక లేరని బుధవారం ఇంటర్వెల్లో ఫోనొచ్చింది. హన్మకొండలో వాళ్లింట్లోనే, పొద్దున చాయ్ తాగి పేపరు చదువుతూ పోయారట. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. నాతో ఒక పని మొదలుపెట్టించి మధ్యలో వదిలేసి వెళ్లిపోయారని.

ఆ పనేమిటో చెప్పాలి. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి సర్కారు బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్తాను. ఎవరి తరగతిలో వాళ్లు ఒక చిన్న పరిశోధన చేసి చూడండని ఈ ఏడు ట్రైనింగులో మాకు చెప్పారు. నేను ఆవేశంగా నాలుగు పేజీల ప్రణాళిక రాశాను. పిల్లలకు లెక్కలు ఎందుకు రావడం లేదంటే తల్లిదండ్రులకు పట్టింపు లేదు, పత్తి ఏరే రోజుల్లో బడి మాన్పిస్తారు, ఇంటికెళ్తే ఫోను. రిటైరైన సారుకు చూపిద్దామని పట్టుకెళ్లాను.

సారు ఎర్రసిరా ముట్టరు. బ్లేడుతో చెక్కిన పెన్సిలే. ఎర్రగీత చూస్తే మనిషి బుర్ర మూసుకుంటుందని ఆయన నమ్మకం. నాలుగు పేజీలూ చదివి పెన్సిలు పక్కన పెట్టేశారు. "జవాబులన్నీ ముందే రాసుకున్నవ్ గద బిడ్డా, ఇగ ఎతికేదేముంది? వాళ్ల ఇండ్లు నీ చేతిల లేవు. నీ పీరియడ్ నీ చేతిల ఉన్నది, అండ్ల చూడు."

నేను వాదించాను. వాదనలో నన్ను గెలిచినవాళ్లు మా ఇంట్లోనే లేరు. సారు మాత్రం మరుసటి వారం బస్సెక్కి మా బడికొచ్చి, మోకాళ్లు ముడవలేక ముడిచి పిల్లల బెంచీలో కూర్చున్నారు.

పీరియడయ్యాక నా చేతిలో ఓ కాగితం పెట్టారు. నేనడిగిన ప్రశ్నకు పిల్లలు జవాబు చెబితే గీత, నేనే చెప్పేసుకుంటే సున్న. కాగితం నిండా సున్నలే. గీతలు మూడో నాలుగో, అవీ ముందు బెంచీ వాళ్లవి. సారును బస్సెక్కించడానికి తల వంచుకుని బస్టాండు దాకా నడిచాను. సారే మిర్చి బజ్జీలు ఇప్పించారు. "నేను గూడ ముప్పై ఏండ్లు గిట్లనే మాట్లాడిన బిడ్డా. నాకు సున్నలు పెట్టెటోళ్లు దొరకలె," అన్నారు. అంత పెద్దాయన తన తప్పును తెచ్చి నా తప్పు పక్కన కూర్చోబెట్టారు. అందుకు ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

కొత్త ప్రణాళిక అక్కడే, బస్సు వచ్చేలోగా తయారైంది. ప్రశ్న అడగాలి. మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు మెదపకూడదు. ఎవరు మాట్లాడారో రాసుకోవాలి. ఇలా ఆరు వారాలు. ఏ మార్పూ రాకపోయినా దాచకుండా రాయాలన్నారు. "మంచిగైందనే రాస్తే అది రిపోర్టు గాదు, పెండ్లి పత్రిక."

మొదటి వారం ఆ ముందు బెంచీ తప్ప ఒక్కరూ నోరు విప్పలేదు. నాలాంటి వాగుడుకాయకు ఆ పది అంకెలు పదేళ్లు. రెండో వారంలో ఈ కబురు. దహనం నుంచి తిరిగొస్తూ, ఇక ఎవరికి చూపించాలని, మానేద్దామనుకున్నాను.

అయినా శుక్రవారం బోర్డు మీద లెక్క రాశాను. ముప్పావు ఎకరంలో మూడో వంతు మిర్చి వేస్తే ఎంత? అడిగి ఆగాను. పది దాటింది. అలవాటుగా జవాబు నాలుక చివరికొచ్చేసింది. అప్పుడు కిటికీ పక్క నుంచి ఒక అమ్మాయి లేచింది. పత్తికి పోయి వారానికి రెండు రోజులు రాని పిల్ల. ఈమెకు లెక్కలు రావని నేనెప్పుడో తేల్చేశాను. ఈ ఏడు ఆ గొంతు విన్నది హాజరు పిలిచినప్పుడే.

"జర ఆగున్రి టీచర్, చెప్త," అంది.

నోరు మూసుకున్నాను. ఆ పిల్ల బెంచీ మీద వేలితో చేను గీసి, గట్లు పెడుతోంది. పెదవులు కదులుతున్నాయి. తరగతి మొత్తం అటు తిరిగి ఆమె జవాబు కోసం చూస్తోంది. అంకెలు లెక్కపెట్టడం నేనెప్పుడు మానేశానో నాకే తెలియదు.