పేను లేని తల

మేం ఢిల్లీ జనక్‌పురిలో ఉంటాం. గుర్‌గావ్ ఆఫీసులో మా మేనేజర్ రోజూ వల్లించే "నో పెయిన్, నో గెయిన్" విని విని విసిగిపోయి ఉన్నాను. ఆ శనివారం అత్తయ్యను మోకాళ్ల ఫిజియోథెరపీకి తీసుకెళ్తే అక్కడా అదే! ఆవిడ మూలుగుతుంటే ఫిజియో భయ్యా నవ్వుతూ, "మాతాజీ, నో పేన్, నో గేన్!" అన్నాడు.

"పేనా? నా తలలోనా? చూసుకోమను!" అంటూ అత్తయ్య అందరి ముందూ ముడి విప్పేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక, నొప్పి ఓర్చుకుంటేనే ఫలితం అని దాని అర్థమని చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వి, "రా, నీకూ చూస్తా" అంటూ నా తల ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి ఆ వేళ్లు ఆగిపోయాయి.

"పేను లేదు గానీ, ఇంత తెల్లజుట్టు ఎప్పుడొచ్చిందే తల్లీ?"

ఇప్పుడు మేనేజర్ ఆ మాటన్నప్పుడల్లా నా చెయ్యి తలమీదికే పోతుంది.