మాకు క్రిస్మస్ లేదన్నాను

పోయిన వారం యూనియన్ నుంచి ఉత్తరం వచ్చింది. రంగు చూసి డ్యూటీలు వేసే పద్ధతి మీద మా తరం ఎలా పోరాడిందో, కొత్తగా ఈ ఐర్లండ్ దేశానికి వచ్చిన డాక్టర్లకి ఓ పది నిమిషాలు చెప్పమని. రిటైరై, మోకాళ్లు పట్టేసి కూర్చున్నవాణ్ని ఇంకా ఎవరో తలుచుకున్నారని పొంగిపోతూ మా ఆవిడకి చదివి వినిపిస్తే, ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ తలైనా ఎత్తకుండా, "ఏ కథ చెబుతారు? బల్ల గుద్దిన కథా, జరిగిన కథా?" అంది.

బల్ల గుద్దిన కథ మీలో కొందరు వినే ఉంటారు. చెర్రీవుడ్‌లో మా అమ్మాయి ఇంట్లో సాఫ్ట్‌వేర్ పిల్లలంతా భోజనాలకి చేరినప్పుడల్లా, ఆ మీటింగు సంగతి చెప్పండంకుల్ అనడమే ఆలస్యం, నేను లేచి నిలబడ్డాననీ, ఒక్క గుద్దు గుద్దితే టీ కప్పులు గంతులేశాయనీ, కన్సల్టెంటుకి, అంటే మా పైనుండే పెద్ద డాక్టరుకి, నోట మాట రాలేదనీ చెప్పేవాణ్ని. మొదట్లో రెండు కప్పులే గంతులేసేవి. ఈ మధ్య కెటిల్ కూడా చేరింది.

బల్ల ఉన్న మాట మటుకు నిజం. నా చేతులు దాని కింద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

ఆ రోజుల్లో మన డాక్టర్ల బతుకులెలా ఉండేవో నా వయసువాళ్లకి చెప్పక్కర్లేదు. ఆరు నెలలు కిల్కెన్నీ, ఆరు నెలలు లెటర్‌కెన్నీ, పిల్లల స్కూళ్లు మారుస్తూ, కుక్కరూ ఇడ్లీ రేకులూ అట్టపెట్టెల్లో సర్దుకుంటూ, ప్రతిచోటా కన్సల్టెంటు రాసిచ్చే రెఫరెన్సు కోసం పళ్లికిలిస్తూ తిరిగాం. చివరికి ఓ ఆసుపత్రిలో, పేరెందుకు లెండి, కాంట్రాక్టు ఆరేసి నెలలు పొడిగిస్తూ నన్ను ఉండనిచ్చారు. అక్కడ మొదటి డిసెంబరులోనే, ఎవరూ అడక్కుండా నా అంతట నేనే కన్సల్టెంటు దగ్గరికి వెళ్లి, మావాళ్లకి క్రిస్మస్ లేదండీ, ఆ రోజు డ్యూటీ నాకు వేసెయ్యండి అన్నాను. ఆయన సంతోషించి బిస్కెట్ల డబ్బా ఇచ్చాడు. రెండో ఏడూ అన్నాను. మూడో ఏడు అనే పనే లేకపోయింది. డ్యూటీల రోస్టర్లో ఆ తేదీ కింద నా పేరూ, పాకిస్తానీ డాక్టరు పేరూ, సూడాన్ డాక్టరు పేరూ ముందే అచ్చయి వచ్చాయి. ఈస్టరుకీ అంతే. మంచివాళ్లమని పేరొచ్చిందని మురిసిపోయాను కూడా.

అప్పుడు వచ్చింది గుంటూరు నుంచి ఓ లేడీ డాక్టరు, క్రైస్తవుల పిల్ల. మూడు నెలల వీసా మీద తల్లి మొదటిసారి వచ్చిందనీ, క్రిస్మస్ నాడు ఆవిణ్ని చర్చికి తీసుకెళ్లాలనీ సెలవడిగితే, కన్సల్టెంటు నిజంగానే ఆశ్చర్యపోయి, మీవాళ్లకి ఆ పండగ లేదని మీ సీనియరే చెప్పాడే అన్నాట్ట. తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"మీకు లేదని చెప్పుకోండి సార్. నాకూ లేదని మిమ్మల్నెవరు చెప్పమన్నారు?"

"సర్దుకుపోవాలమ్మా. రెఫరెన్సు వాళ్ల చేతిలో ఉంది."

"మీరు సర్దుకున్నదే కదా సార్, ఇప్పుడు నా నెత్తిమీద పడింది!"

ఆ అమ్మాయి యూనియన్‌కి చెప్పింది. మా ఆసుపత్రిలో యూనియన్ పనులు చూసేది ఓ ఐరిష్ నర్సమ్మ, పొట్టి మనిషి, గట్టి నోరు. పాత రోస్టర్లన్నీ తవ్వి తీసి, పండగ రోజుల కింద ఎర్రసిరాతో గీతలు పెట్టింది. పడ్డవన్నీ మా పేర్లే. ఇది మీ మంచితనం కాదు డాక్టరూ, మీ రంగు అని నా మొహాన్నే అంది. మీటింగు పెట్టించింది. కన్సల్టెంటు ఎంతో మర్యాదగా నావైపు తిరిగి, ఇది మీరు కోరుకున్నదే కదా, ఇబ్బందేమైనా ఉందా అని అడిగాడు.

గ్రాండ్, అంటే ఇక్కడివాళ్ల మాటలో అంతా బాగానే ఉందని, అన్నాను. ఆ రోజు నేనన్నది ఆ ఒక్క మాటే. నర్సమ్మ ఫైలు మూసేసింది. ఆ అమ్మాయికి సెలవు రాలేదు.

జనవరిలో నర్సమ్మ మళ్లీ ఫిర్యాదు కాగితం పట్టుకొచ్చి, కన్సల్టెంటు మీ మాటే అడ్డం పెట్టుకుంటున్నాడు, మీరు సంతకం పెడితే తప్ప మిగతావాళ్లవి నిలవవు అంది. ఈ పద్ధతి నా వల్ల మొదలైందనీ, ఐరిష్ డాక్టర్లనెవరినీ ఎన్నడూ అడగలేదనీ రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం ఊడుతుందని మూడు నెలలు అట్టపెట్టెలు దగ్గరే పెట్టుకున్నాను. ఊడలేదు, ఎప్పట్లాగే పొడిగించారు. ఆ ఏటి డిసెంబరు నుంచి అందరి పేర్లూ చీటీలు వేసి తీయడం మొదలైంది. అప్పటికి గుంటూరు అమ్మాయి వేరే ఊరు వెళ్లిపోయింది.

ఇంతవరకూ మా ఆవిడకి తెలుసు. తెలియనిది ఒకటుంది.

సెలవు రాని ఆ క్రిస్మస్ నాడు మధ్యాహ్నం, ఆ తల్లి తెల్ల పట్టుచీర మీద కూతురి పాత కోటు వేసుకుని మా క్యాంటీనుకి వచ్చింది. ఆ రోజు ఈ దేశంలో బస్సులుండవు గదా, ఈదురుగాలిలో రెండు మైళ్లు నడిచి, క్యారియర్లో బిరియానీ, సంచిలో కజ్జికాయలూ మోసుకొచ్చింది. డ్యూటీలో ఉన్న ప్రతివాళ్లకీ పెట్టింది. నా దగ్గరకొచ్చి, "మా పిల్లకి ఇక్కడ పెద్దదిక్కు మీరేనంట గదా బాబూ" అంది. ఆ పిల్ల పక్కనే నిలబడి ఉంది. తను కాదనలేదు. నేను తలొంచుకుని తిన్నాను. తిన్నానంటే, రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

ఇప్పటి పిల్లలు చేరిన వారంలోనే యూనియన్‌లో పేరు రాయించుకుంటున్నారు, రోస్టరెలా వేస్తారని ఇంటర్వ్యూలోనే అడుగుతున్నారు. వినడానికి బాగుంటుంది. మాకు ఆ నోరు లేకపోయింది, ఉన్నకాస్త నోరూ బిస్కెట్లతో మూతపడింది. పది నిమిషాలూ ఇదే చెబుదామనుకుంటున్నాను. ఆ తల్లి మరో ఏడాదెప్పుడైనా వచ్చిందా, కూతురితో చర్చికి వెళ్లగలిగిందా అని ఎవరైనా అడిగితే మాత్రం తెలియదనే చెప్పాలి. ఒక్క ఫోను చేస్తే తెలిసేది. ఇన్నేళ్లలో చేయలేదు.