సగం గోడ

క్యాసెట్లాయన పొద్దున్నే కొట్టు తెరిచి ముందు టీవీ తెర తుడుస్తాడు, అదే గుడ్డతో కళ్లద్దాలూ తుడుచుకుంటాడు. పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్ ఫైళ్లుగా మార్చి ఇవ్వడం ఆయన పని. మార్చేటప్పుడు రంగులు చెడిపోయి మొహాలు ఊదాగా వస్తాయి. అందుకే వచ్చిన ప్రతివాళ్లనీ "ఇందులో గోడ ఏ రంగు?" అని అడుగుతాడు. ఇంటి గోడ రంగు ఎవరూ మరచిపోరని ఆయన నమ్మకం. మొన్న ఒకావిడ, చనిపోయిన తండ్రి కనిపించే ఒకే ఒక్క క్యాసెట్ ఇచ్చి, "నీలం" అని చెప్పి వెళ్లింది. తెర మీద గోడ సగం నీలం, సగం ఆకుపచ్చ. ఫైలు పాడైందనుకుని ఆయన పూటంతా కుస్తీ పట్టి, గోడంతా నీలం చేశాడు. ఆవిడ వచ్చి మొదటి బొమ్మకే నోరెళ్లబెట్టింది.

"అయ్యో బాబాయ్, ఆకుపచ్చ ఏదీ? రంగు చాలక మా నాన్న సగం అలా వేశాడు. అమ్మ దెప్పని రోజు లేదు!"

"నీలమన్నావు కదమ్మా?"

"నేను పడుకునే వైపు నీలమే మరి!"

ఆయన తల గోక్కున్నాడు. "పాత ఫైలు తీసేశాను తల్లీ. క్యాసెట్ మళ్లీ తిప్పాలి. రీలు అరిగిపోయింది, తెగితే నన్ననొద్దు."

"తిప్పండి."

రీలు కీచుమంటూ కదిలింది. రెండు రంగుల గోడ ముందు కుంచె పట్టుకుని ఒక మనిషి నవ్వుతున్నాడు. కెమెరా వెనకనుంచి ఆడగొంతు వినిపించింది: "ఇంకో డబ్బా కొంటే మీ సొమ్మేం పోయేదండీ?"

ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుంది. రీలు ఇంకా నలభై నిమిషాలుంది.