చెవులు అద్దెకిచ్చాను

న్యూజెర్సీలో మూడేళ్లపాటు ఒక్క సెంటు పెట్రోలు ఖర్చు లేకుండా ఉద్యోగానికి వెళ్లొచ్చిన ఘనత నాది. మేముండే ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో అలాంటి బేరం ఇంకెవరూ కుదుర్చుకుని ఉండరు. చీరాల బజారులో బట్టల కొట్టు గుమ్మంలో పాకి పెరిగినవాణ్ణి. ఎదుటివాడికేం కావాలో పసిగట్టి, నాకు ఖర్చు కానిదేదో చూసి దాన్నే అంటగట్టడం నాకొకరు నేర్పాల్సిన విద్య కాదు.

ఇక్కడ ఎదుటివాడు మా ల్యాబ్‌లో పనిచేసే అమెరికన్. పక్క బిల్డింగులోనే ఉండేవాడు. అతన్ని సారథి అందాం. ఒంటరి మనిషి, దారిలో పక్కన ఎవరైనా ఉంటే బాగుండునని ఉండేది. రోజూ తన కార్లో రమ్మని, పెట్రోలు చెరిసగం అన్నాడు. నేను గడ్డం గోక్కుంటూ నిలబడ్డాను. కాసేపు ఊరుకుంటే ధర దానంతటదే దిగుతుందని కొట్లో పిల్లలక్కూడా తెలుసు.

"సరే, డబ్బులొద్దు," అన్నాడు. "కానీ రేడియో నా ఇష్టం. నువ్వు ముట్టుకోకూడదు."

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకుని మురిసిపోయాను. "చెవులకి కూడా అద్దె ఇచ్చే దేశం ఇదొక్కటేనే."

ఆవిడ హాస్పిటల్లో నర్సు. డ్యూటీ బూట్లు విప్పుకుంటూ, "అద్దెకివ్వడం తేలికేనండీ. ఖాళీ చేయించడమే కష్టం," అంది.

మొదటి ఏడాది ఏ గొడవా లేదు. పాటలు, వాతావరణం, ఏ రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిందో ఆ కబురు. వార్తల్లో ఒకడు ఒకటంటే, ఇంకొకడు కాదనేవాడు. సారథి ఇద్దర్నీ వెక్కిరించేవాడు. ఆ ఏడే వాళ్లమ్మకి జబ్బు చేసి, మా ఆవిడ పనిచేసే వార్డులోనే చేరింది. డ్యూటీ అయిపోయినా మా ఆవిడ ఆ ముసలామె చెయ్యి పట్టుకుని కూర్చోవడం సారథి కళ్లారా చూశాడు. ఆమె కోలుకుని ఇంటికెళ్లాక మా ఇంటికొచ్చి కృతజ్ఞతగా పువ్వులిచ్చాడు, పెట్టిన గారెలన్నీ తిన్నాడు.

తర్వాత, ఎనభైల చివర్లో, రేడియోలో ఒక పక్షం మాట వినిపిస్తే రెండో పక్షానికీ చోటివ్వాలన్న పాత నిబంధన ఎత్తేశారని ఏదో వార్త వచ్చింది. నాకేం పట్టింది? కొన్నాళ్లకి ఆ స్టేషన్లో సాయంత్రప్పూట పాటలు పోయి ఒక మాటల మనిషి దిగాడు. సరిగ్గా మేం కారెక్కే వేళకి మొదలయ్యేవాడు.

వ్యాపారం తెలిసినవాడిగా చెబుతున్నాను, వాడి దగ్గర ఉన్నది ఒకటే సరుకు. కోపం. రోజూ తాజాగా దింపేవాడు. ఒకరోజు ప్రభుత్వం ఇచ్చే కూపన్లతో తిండి కొనుక్కునేవాళ్లు దొంగలు, మర్నాడు బడి పంతుళ్లు, ఆ మర్నాడు యూనియన్లు. అవునన్నవాడి ఫోను సాగనిచ్చేవాడు, కాదన్నవాణ్ణి నోట్లో మాట నోట్లో ఉండగానే కోసేసి నవ్వేవాడు. మధ్యలో పరుపుల షాపు ప్రకటన. జనం వాడి మాట విని పరుపులు కూడా కొన్నారేమో నాకు తెలీదు. మా సారథి మాత్రం ఆ సరుకు చూస్తుండగానే టోకున కొనేశాడు. ఏడాది తిరిగేసరికి అతని నోట్లో సొంత మాటంటూ లేదు. పొద్దున కార్లో రేడియో కట్టేసి ఉన్నా, నిన్నటి సాయంత్రం వాడన్నవి వరసగా అప్పజెప్పేవాడు.

"విన్నావా?" అనేవాడు నా వైపు తిరిగి.

"యా, యా," అనేవాణ్ణి.

ఇది మా కొట్లో పుట్టిన జబ్బు. కొట్లో కూర్చున్నవాడికి పార్టీ ఉండకూడదనేవాడు నాన్న. ఖద్దరు వేసుకున్నవాడొచ్చినా, ఎర్ర కండువావాడొచ్చినా, గజం బద్ద ఆపకుండా "అవునండీ" అంటూ గుడ్డ చింపి ఇవ్వాలి. నాన్న అన్న "అవును" అక్కడికక్కడే అయిపోయేది. పంచె తీసుకుని ఆయన, డబ్బులు తీసుకుని ఈయన, ఎవరి దారి వాళ్లది. నేను అదే మనిషికి, అదే మాటకి, వారానికి ఐదు రోజులు అవునంటున్నాను. ఉప్పు కొనబోయినా నాలుగు కొట్లు తిరిగే నేను ఆ రేడియో వాడి మాట ఒక్కటి కూడా బేరం ఆడకుండా ఇంటికి మోసుకొచ్చాను.

ఒకరోజు అన్నం తింటూ, "ఈ యూనియన్లే ఈ దేశాన్ని నాశనం చేస్తున్నాయి," అన్నాను.

మా ఆవిడ గరిటె ఆపింది. "ఏ దేశాన్నండీ? నైట్ డ్యూటీలో ఒక్కదాన్నే పద్నాలుగు మందిని చూస్తున్నానే, ఆ దేశాన్నా? మీకీ ముక్క ఎవరు చెప్పారు?"

నాకే తెలీలేదు, అది ఎవరి ముక్కో.

ఆ వేసవిలోనే వాళ్ల హాస్పిటల్లో నర్సుల సమ్మె మొదలైంది. జీతం కోసం కాదు. వార్డుకి ఇంకో ఇద్దరు నర్సుల్ని వెయ్యమని. రేడియోలో మాత్రం అది రోగుల్ని తాకట్టుపెట్టి డబ్బు గుంజడమైంది. పరాయి దేశాల్నుంచి వచ్చినవాళ్లకి ఇంత పొగరా అని ఒకడు ఫోన్ చేశాడు. మాటల మనిషి వాణ్ణి మెచ్చుకుని, అటుగా వెళ్లేవాళ్లంతా హారన్ కొట్టి, వాళ్ల మొహం మీదే నాలుగు మాటలు అనండని పిలుపిచ్చాడు.

"నీ భార్య సంగతి వేరులే," అన్నాడు సారథి. "మిగతావాళ్లే. ఇప్పుడు మా అమ్మ అక్కడుంటే చంపేసేవాళ్లు."

ఆ అమ్మ చెయ్యి ఎవరు పట్టుకున్నారో అడగాలి కదా. "యా," అన్నాను.

కారు మామూలుగా తిరిగే మలుపు తిరగలేదు. హాస్పిటల్ రోడ్డు ఎక్కింది. ఎందుకని అడగలేదు. ఉచితంగా ఎక్కినవాడు దారి అడగడు కదా. గేటు ముందు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని ఓ ఇరవై మంది ఆడవాళ్లు ఎండలో నిలబడి ఉన్నారు. సారథి కారు నెమ్మది చేశాడు. నా మీదుగా వంగి, పిడి గిరగిరా తిప్పి నా పక్క అద్దాన్ని దించాడు. "రక్తం తాగే జలగల్లారా, పనిలోకి పోండి," అని అరిచాడు. రేడియో వాడి మాటే, ఒక్క అక్షరం తేడా లేదు.

దించిన అద్దంలో ఉన్నది నా మొహం. మూడు గజాల దూరంలో మా ఆవిడ.

ఇంటికొచ్చాక కేకలేస్తుందనుకున్నాను. అట్ట తలుపు వెనక పెట్టి, మంచినీళ్లు తాగింది.

"అతను అరిచింది విన్నావా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"అతని వైపు చూళ్లేదండీ. మీ నోటి వైపే చూశాను. కదుల్తుందేమోనని."

మర్నాడు పార్కింగ్‌లో సారథిని పట్టుకుని, ఇకమీదట నీ కార్లో రానన్నాను. మీ అమ్మ దగ్గర కూర్చున్నదీ, నీకు గారెలు పెట్టిందీ, నిన్న నువ్వు జలగన్నదీ ఒకే మనిషి అన్నాను. మూడేళ్లలో అతనితో నేనన్న మొదటి "కాదు" అది. అతనికి కోపం కూడా రాలేదు.

"నీకు పూర్తి విషయం తెలీదు. ఇవాళ సాయంత్రం విను, చెప్తాడు," అన్నాడు.

కళ్లతో చూసినదాన్ని కాదని, చెవిలో పోసినదాన్ని నమ్మేలా ఒక మంచివాణ్ణి అలా తయారుచేసి పెట్టారు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆ రేడియో వాడి మీద ఎంత మండుతుందో, పక్క సీట్లో కూర్చుని తలూపినవాడి మీదా అంతే మండుతుంది. వినేవాళ్లు లేకపోతే వాడి కొట్టు నడవదు. ఆ కొట్టుకి రోజూ హాజరైన ఖాతాదారుణ్ణి నేను.

లెక్క దాచను. మూడేళ్ల పెట్రోలు మిగిలింది నిజమే. దాంతో ఏం చేశానో గుర్తు లేదు. పోయినదేమిటో గుర్తుంది. మా ఆవిడ డ్యూటీ నుంచి రాగానే కాఫీ తాగుతూ వార్డు కబుర్లు చెప్పేది. ఎవరు కోలుకున్నారు, ఎవరు సూదికి ఏడ్చారు, డాక్టరు ఎవర్ని కసిరాడు, అన్నీ. ఆ కబుర్లు ఆగిపోయాయి. కాఫీ ఇచ్చేది, అన్నం పెట్టేది, అడిగితే జవాబు చెప్పేది. అడక్కుండా చెప్పడం మానేసింది.

సమ్మె గెలిచారని, వార్డుకి ఇద్దరు కొత్త నర్సులొచ్చారని ఒక ఆదివారం ఆవిడ ఫోన్లో ఎవరో స్నేహితురాలికి నవ్వుతూ చెప్తుంటే, పక్క గదిలోంచి విన్నాను.