నీళ్ల తొట్టి కదిలిన చలికాలం

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఒక కార్తీక మాసంలో, నన్ను పలమనేరు దగ్గరి పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ డైరెక్టర్. రైతులకు మాత్రం పశువుల డాక్టరునే.

గాలికుంటు జబ్బు రాకుండా టీకాలు వేయడానికి వెళ్లినప్పుడు పాడి రైతు మునెమ్మ పరిచయమైంది. నాలుగు ఆవులు, అవి మేసే ఎకరన్నర బీడు ఆమె ఆస్తి. బీడులో గడ్డి ఏటేటా పలచబడుతోంది. వచ్చే వానలకూ ఇంతే అయితే గౌరిని సంతకు తోలేస్తానంది. ఈనగానే తల్లి చనిపోతే, సీసాతో పాలు పట్టి పెంచుకున్న ఆవు గౌరి. ఆ మాట చెబుతున్నంతసేపూ దాని గంగడోలు నిమురుతూనే ఉంది.

లోపం నాకు ఇట్టే దొరికిపోయింది. చలికాలమంతా ఎండుమేత బావి దగ్గర ఒకే మూల వేస్తోంది. పేడా మూత్రమూ అక్కడే పడి, మిగతా నేలకు సారం అందడం లేదు. రోజుకొక చోట మేత వేస్తే ఎరువూ, తినగా మిగిలిన గడ్డీ బీడంతా పరచుకుంటాయని చెప్పాను. బీడును కాగితం మీద గళ్లుగా గీసి, ఏ రోజు ఏ గడిలో వేయాలో రాసిచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

వారం తర్వాత వెళ్లి చూస్తే గళ్లలో పేడ లేదు. ఆవులు మేత తినేసి మళ్లీ బావి మూలకే చేరుతున్నాయి. కారణం తోచక మునెమ్మనే అడిగాను.

"నీళ్ల తొట్టి ఆడనే ఉండాది కదా సారూ. తాగినాక ఆడనే పడుకుంటాయి, ఆడనే పేడేస్తాయి. మీ కాగితం వాటికి సదివి వినిపించలేదు నేను," అని మునెమ్మ నవ్వింది. సిగ్గుపడుతూనే నేనూ నవ్వాను.

తొట్టిని కూడా కదిలించాలన్నది ఆమె ఆలోచనే. పాత ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా కోయించి, బావి మోటారుకు పొడవాటి పైపు తగిలించి, మేత వెంట నీళ్లనూ రోజుకొక చోటికి మార్చింది. చలి వెనకబట్టేనాటికి బీడులో పేడ పడని గడి లేదు.

వానలు మొదలైన కొన్నాళ్లకు ఫోన్ చేసి, ఒకపారి వచ్చి పొమ్మంది. వెళ్లాను. చీలమండలు మునిగేంత గడ్డి. నాలుగు ఆవులూ తలెత్తకుండా మేస్తున్నాయి, అందులో గౌరి కూడా ఉంది. సంత మాట ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. పట్టరాని సంతోషంతో బూట్లు విప్పి ఆ గడ్డిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, మేత గురించి ఏ రైతు సలహా అడిగినా, కాగితం తీసేముందు నేను అడిగిన ప్రశ్న ఒకటే: మీ ఆవులు నీళ్లు ఎక్కడ తాగుతాయి?