టీచరమ్మ విప్పని బిల్లులు

మెదక్‌లో ఇంటి పన్ను వసూలు చేసే ఉద్యోగం నాది. ఆ ఏడాది చర్చి వెనక వార్డు కొత్తగా నా చేతికి వచ్చింది. బకాయిల జాబితాలో ఆరేళ్లుగా పైసా కట్టని ఇల్లు ఒకటి కనిపించింది. గడువులోగా కట్టకపోతే నల్లా కనెక్షన్ తీసేస్తామన్న నోటీసు పట్టుకుని వెళ్లి తలుపు తట్టాను. తలుపు తీసింది మూడో తరగతిలో నాకు చదువు చెప్పిన టీచరమ్మ.

చూడగానే గుర్తుపట్టింది. "తొమ్మిదో ఎక్కం కాడ ఆగిపోయెటోనివి, నువ్వే కదరా!" అంది. నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాను. "రా బిడ్డా, చాయ్ తాగు" అంటే వెళ్లి బుద్ధిగా కూర్చున్నాను.

చాయ్ అయిపోయాక ఇక తప్పలేదు. "టీచరమ్మా, ఇంటి పన్ను ఆరేండ్ల సంది కట్టలేదంట" అన్నాను.

"ఇంటి పన్నా? అది మా ఆయన చూసుకుంటుండె బిడ్డా. నాకేం తెల్వదు."

ఆయన దవాఖానాలో కంపౌండరుగా పనిచేసేవారు. ఆరేళ్ల కింద చనిపోయారు. "బిల్లులు రాలేదా?" అని అడిగితే ఆమె లోపలికి వెళ్లి ఒక కాగితాల కట్ట తెచ్చింది. అన్నీ మడిచి పిన్ను కొట్టిన బిల్లులే. పైన ఆయన పేరుంది. ఒక్కదానికీ పిన్ను ఊడలేదు.

"ఒకరి పేరు మీదొచ్చిన కాయితం ఇంకొకరు విప్పొద్దని మీకు చెప్తుంటి కదా. నేనెట్ల విప్పుత? పారేద్దామంటే మనసొప్పలే. ఆయన బట్టల పక్కన పెట్టుకుంట వచ్చిన" అంది.

ఆమె మాట మీద ఒక్కొక్కటీ నేనే విప్పాను. అసలు, దాని మీద వడ్డీ, మొత్తం కాగితం మీద రాసి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, కూడిక సరిపోయిందో లేదో వేళ్ల మీద లెక్కేసి మరీ చూసింది.

"కిరాణం కొట్టుల గూడ ఉద్దెర పెట్టలే నేను. సర్కారుకే బాకీ పడ్డనా?" అంది. గొంతు వణికింది. చిన్నప్పుడు మేమంతా భయపడ్డ గొంతు అది. దాన్ని అలా వినడం నాకు కష్టమైంది.

అప్పుడే ఒక వెసులుబాటు నడుస్తోంది. మార్చి ఆఖరులోగా పాత బకాయి ఒక్కసారే కట్టేస్తే వడ్డీ చాలామటుకు మాఫీ అవుతుంది. ఆ సంగతి చెప్పి, "జర పరేషాన్ గాకుండ్రి, ఇంకా పది దినాలున్నయి" అన్నాను.

"పైసలున్నయి. ఆయన సమాధికి రాయి ఏపిద్దామని పింఛన్ల నుంచి కూడబెట్టిన. రాయి ఆగుతది. ముందు ఇది కడ్త."

ఆ పైసలు ముట్టొద్దని, ఆమె దగ్గర చదువుకున్నవాళ్లం తలా కొంత వేసుకుంటామని అన్నాను. నాకేసి ఒక చూపు చూసింది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆమె పైసలు కడతాననడం వరకు బాగానే ఉంది. ఇల్లు ఆమె పేరు మీదికి మార్చుకుంటే ముందుముందు ఇబ్బంది ఉండదని చెప్పేసరికి మాత్రం చేత్తో వద్దని ఊపింది.

"ఆయన కట్టిన ఇల్లు. దాని మీదికెళ్లి ఆయన పేరు కొట్టేపియ్యాల్నా? నాతోని కాదు బిడ్డా."

నేను బలవంతపెట్టలేదు. కట్టే రోజు నా బండి మీద తీసుకొస్తానంటే వినకుండా మున్సిపల్ ఆఫీసుకు ఆటోలో వచ్చింది. ముందుకు రమ్మన్నా రాలేదు, వరుసలోనే నిలబడింది. రసీదు చేతిలో పడ్డాక అక్షరం అక్షరం చదువుకుని బ్యాగులో పెట్టుకుంది. ఆమె ముఖం తేటపడింది. అప్పుడు పేరు మార్పు దరఖాస్తు ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"మళ్ల గదేనా?" అంది.

"ఒక్కసారి చదువుండ్రి టీచరమ్మా."

చదివింది. దరఖాస్తుదారు పేరు కింద 'భర్త పేరు' అని ఒక గడి ఉంది. ఆమె వేలు అక్కడ ఆగింది.

"అంటే ఈడ ఆయన పేరు రాయొచ్చా?"

"రాయాలె. రాయకపోతే తీసుకోరు."

పెన్ను అడిగి తీసుకుంది. తన పేరు కంటే ముందు ఆ గడే నింపింది, బోర్డు మీద మాకు రాసి చూపించినట్టే గుండ్రంగా, తలకట్లు తప్పకుండా. ఆ తర్వాతే తన పేరు రాసింది. మరణ ధ్రువపత్రం నకలు తెల్లారి తెచ్చి ఇచ్చింది.

కొత్త బిల్లు వచ్చినప్పుడు నేనే పట్టుకెళ్లాను. వాకిట్లోనే నిలబడి పిన్ను ఊడదీసి పైకి చదివింది. ముందుగా కడితే కొంత తగ్గింపు ఉందని తెలిసి, "గిది ముందుగాల చెప్పవేందిరా!" అని మందలించి అప్పటికప్పుడు చెప్పులు వేసుకుని బయల్దేరింది.

సమాధి రాయి ఆ ఏడాది కుదరలేదు. మరుసటి ఏడు వానలు వెనకబట్టాక వేయించింది. నన్నూ పిలిచింది. రాయి నిలబెట్టేటప్పుడు ఒక కొస నేను పట్టుకున్నాను.